శౌరయ్య గీసిన కళ్ళు

మా పామర్రులో కొన్నేళ్ళపాటు ఫోటో దిగినవాళ్ళందరికీ ఒకే కళ్ళుండేవి. పెళ్ళికొడుక్కీ, పింఛను పుచ్చుకునే ముసలాయనకీ, పళ్ళయినా రాని పసిదానికీ అవే కళ్ళు. గుండ్రంగా, నల్లగా, నల్లగుడ్డులో ఒక తెల్లచుక్కతో ఉండేవి. అవి దేవుడిచ్చిన కళ్ళు కావు, లూర్దుమాత ఫోటో స్టూడియో శౌరయ్య గీసిన కళ్ళు. ఆ స్టూడియోకి ఎదురుగా నాది సోడా కొట్టు. ఆయన సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఆయన భార్య తెరేసమ్మకి తప్ప. మనిషి పోయాడు కదా అని మంచిమాటలు ఏరి ఏరి చెప్పే ఓపిక నాకు లేదు.

శౌరయ్య విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పెద్ద స్టూడియోలో పని నేర్చుకుని వచ్చి, మా బస్టాండు పక్కన సొంతంగా పెట్టుకున్నాడు. మొదట్లో పనిమంతుడే, కాదనను. ఆయనది రెండు కటకాలు ఒకదానిమీద ఒకటి ఉండే కెమెరా. పైమూత తెరిచి, మెడ వంచి కిందికి చూస్తే లోపలి గరుకు అద్దంమీద ఎదుటి మనిషి కనబడతాడు. పక్కనున్న చక్రం మెల్లగా తిప్పుతూ పోతే ఆ మనిషి మసకలోంచి తేలివచ్చి, ఒకచోట కనురెప్ప వెంట్రుకలతో సహా స్పష్టంగా నిలబడతాడు. అదే ఫోకస్. చక్రం కాస్త అటు తిరిగినా పోతుంది, ఇటు తిరిగినా పోతుంది. ఫోకస్ కళ్ళమీదే చూసుకోవాలనీ, కళ్ళు కుదిరితే ముఖం కుదిరినట్టేననీ శౌరయ్య నా కొట్టుముందు నిలబడి సోడా తాగుతూ వచ్చేపోయేవాళ్ళకి పాఠం చెప్పేవాడు.

పని ఎంత బాగున్నా మనిషి మాత్రం ముల్లు. గడ్డం పట్టుకుని జనం తలలు తిప్పేవాడు. పిల్లలు కదిలితే మొట్టికాయ వేసేవాడు. కాస్త చామనఛాయ పిల్ల వస్తే, "నీకు ఇంకో లైటు కావాలమ్మా, ఉన్నవి చాలవు" అని బయట నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా అనేవాడు. తెరేసమ్మ చీకటిగదిలో ఫిలిం కడిగేది, కాగితాలు ఆరబెట్టేది, తిట్లు తినేది. ఆవిడ చేతులు ఆ మందునీళ్ళకి పొట్టు లేచిపోయి ఉండేవి.

ఆయనకి పేరు తెచ్చింది మాత్రం బతికున్నవాళ్ళ ఫోటోలు కావు. మా వైపు బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని వాళ్ళు ఎంతోమంది. అలాంటివాళ్ళు పోతే శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి ఫోటో తీయించేవారు. కిరస్తానీలయితే పెట్టె చుట్టూ బంధువులు నిలబడేవారు. ఆ మూసిన కళ్ళను తర్వాత ఫోటోమీద సన్నకుంచెతో తెరిచినట్టు గీసిపెట్టాలి. దాన్ని కళ్ళు తెరిపించడం అనేవారు. కన్నతండ్రి కళ్ళు మూసుకుని గోడమీద వేలాడుతుంటే ఎవరికి బాగుంటుంది? ఆ పనిలో శౌరయ్యని మించినవాడు చుట్టుపక్కల లేడు. ఆ చెయ్యే చివరికి కొంప ముంచింది. మునిగింది ఆయన కొంప ఒక్కటే అయితే నేనిదంతా చెప్పేవాణ్ణి కాదు.

డెబ్భై నాలుగులోనో అయిదులోనో ఆయన కళ్ళకి పొర కమ్మడం మొదలైంది. వీధిలో మనుషుల్ని గుర్తుపట్టేవాడు, వెలుతురులో పేపరు చదివేవాడు. ఆ గరుకు అద్దంలోని మసక వెలుగు మాత్రం ఆయనకి అందకుండా పోయింది. చక్రం ఎంత తిప్పినా మనిషి తేలడు. తప్పు కెమెరాదన్నాడు. విజయవాడ తీసుకెళ్ళి బాగుచేసేవాడికి ఇస్తే, వాడు విప్పి చూసి, "అద్దం శుభ్రంగా ఉందండీ, మీరే ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోండి" అన్నాడట. శౌరయ్య వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, కెమెరా చంకన పెట్టుకుని వచ్చేశాడు. ఫోకస్ చూడలేని ఫోటోగ్రాఫరని తెలిస్తే ఊళ్ళో ఎవడొస్తాడని ఆయన భయం. ఆ భయాన్ని అర్థం చేసుకోగలను. దానికోసం ఆయన చేసినవి మాత్రం క్షమించలేను.

అప్పట్నుంచీ నేలమీద మేకు కొట్టి, కుర్చీ అక్కడే వేసి, అంచనాగా చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. జనం బొమ్మలు కారు కదా, కూర్చున్నాక ముందుకు వంగుతారు, వెనక్కి వాలతారు. ఫోటోలో వెనకాల తెరమీది నెమలి ఈకతో సహా వచ్చేది, ముందున్న మనిషి ముఖం పిండి చల్లినట్టు వచ్చేది. ఆ పిండిముఖాలన్నిటికీ శౌరయ్య బల్లమీద పెద్ద దీపం పెట్టుకుని, భూతద్దం పట్టుకుని, చేతికి అలవాటైన కళ్ళు గీసేవాడు. శవాలకి గీసే కళ్ళే బతికున్నవాళ్ళకీ గీసేవాడు. జనం కూడా చిత్రమైనవాళ్ళు, కళ్ళు బాగున్నాయని మురిసిపోయి పట్టుకెళ్ళేవారు.

తెరేసమ్మ చూపు బాగుండేది. "ఏమండీ, ఫోకస్ నేను చూసి చెప్తాను, బటను మీరే నొక్కండి. జనానికి తెలియనివ్వను" అని బతిమాలింది. ఒకసారి ఆయన లేనప్పుడు స్కూలు పిల్లదొకతి పరీక్ష ఫోటోకి వస్తే, తనే ఫోకస్ చూసి తీసేసింది కూడా. ఆ ఫోటో నేను చూశాను. పిల్ల ముక్కుపుడక మీది గీత కూడా కనబడుతోంది. శౌరయ్య వచ్చి ఆ ఫోటోని దీపం దగ్గర భూతద్దంతో చాలాసేపు చూశాడు. తర్వాత కత్తెర తీసుకుని ఫిలిం ముక్కలు చేశాడు. "ఆడదాని కళ్ళతో బతికే ఖర్మ నాకు పట్టలేదే" అన్నాడు. పిల్లకి ఫోటో పాడైందని చెప్పి మళ్ళీ తీశాడు. దానికీ అవే కళ్ళు గీశాడు.

ఆ రోజుల్లోనే అంకాలమ్మ వచ్చింది. ఆవిడది సముద్రం ఒడ్డు పాలెం, మొగుడు బంగార్రాజు వేటకి వెళ్ళేవాడు. ఆవిడ ఎండుచేపల గంప ఎత్తుకుని సంతరోజున పామర్రు వచ్చేది. ఒక్కతే కూతురు కొండలమ్మ, పదేళ్ళుంటాయేమో. ఆ పిల్లకి ఎడమకన్ను కాస్త మెల్ల. జబ్బుపడి లేచిందని కొత్త పరికిణీ కుట్టించి, ఫోటో తీయించడానికి తెచ్చింది. పిల్ల ఫోటో దిగి వచ్చి నా కొట్టులో సోడా తాగుతూ, గోలీ ఎందుకు కిందికి రాదని ఒకటే ప్రశ్నలు. చక్కటి పిల్ల.

ఫోటో చేతికొచ్చాక అంకాలమ్మ కాసేపు చూసి, "అయ్యా, మా పిల్లదానికి మెల్ల కదా, ఇందులో లేదేంటి?" అంది.

"మెల్ల చూపించుకోవడానికా ఫోటో తీయించుకున్నది? నయం చేసి ఇచ్చాను, పట్టుకెళ్ళు" అన్నాడు శౌరయ్య.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. దారిన పోయేవాళ్ళకి కూడా చూపించింది, కళ్ళ డాక్టర్లు చెయ్యలేని పని ఈయన చేశాడని. శౌరయ్యకి ఆ మాట తలకెక్కింది. ఇంకో కాపీ తీసి, దానికీ కళ్ళు గీసి షోకేసులో పెట్టుకున్నాడు.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. మాకు పైకప్పులు లేచిపోయాయి, చెట్లు పడ్డాయి, అంతే. దివిసీమలో సముద్రం ఊళ్ళమీదికి నడిచింది. అంకాలమ్మ ఆ ముందురోజు సంతకొచ్చి, గాలీవానకి బస్సులు ఆగిపోయి, ఇక్కడే చుట్టాలైన మణెమ్మ ఇంట్లో చిక్కుకుపోయింది. అలా బతికింది. పాలెంలో మొగుడూ లేడు, కూతురూ లేదు, ఇల్లుండిన చోటు కూడా తెలియలేదు.

సాయం చెయ్యడానికి వచ్చిన ఒక సేవాసంఘం వాళ్ళు ఫోటోగ్రాఫరు కావాలని అడిగారు. దిక్కులేని శవాలను పూడ్చేముందు ఒక్కో ముఖాన్నీ ఫోటో తీసి ఉంచితే, తర్వాత వచ్చిన అయినవాళ్ళు గుర్తుపట్టవచ్చని వాళ్ళ ఆలోచన. మంచి ఆలోచనే. శవాల ఫోటోలంటే ఎవరైనా శౌరయ్య పేరే చెబుతారు. తెరేసమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నన్నూ తీసుకెళ్ళండి. ఇది పెళ్ళి ఫోటో కాదు. ఒక్కసారి పూడిస్తే మళ్ళీ తియ్యడం ఉండదు" అంది. శౌరయ్య ఆవిణ్ణి పక్కకి నెట్టి జీపెక్కాడు. ఊళ్ళో అందరూ చూస్తుండగా జీపెక్కడం ఆయనకి ఎంత నచ్చిందో నా కళ్ళారా చూశాను.

కాలవగట్టున, ముక్కుకి గుడ్డ కట్టుకుని, వరసగా పడుకోబెట్టిన ముఖాలమీదికి వంగి ఆయన ఏం చూశాడో, ఏం చూడలేదో దేవుడికి తెలియాలి. తిరిగొచ్చాక తెరేసమ్మ చీకటిగదిలో ఫిలిం కడిగి, కాగితాలమీదికి ఎక్కించి, బయటికి వచ్చి మెట్టుమీద కూలబడింది. ఒడ్డునున్న గడ్డి తెలుస్తోంది, చాప అల్లిక తెలుస్తోంది, ముఖాలు మాత్రం తెలియడం లేదట. "ఉన్నమాట చెప్పెయ్యండి. ఇంకా పూడ్చనివి ఉంటే ఇంకొకర్ని పంపుతారు" అని ఏడ్చింది. ఆ ఏడుపు నా కొట్టుదాకా వినబడింది. శౌరయ్య తలుపు వేసుకుని, దీపం పెట్టుకుని, భూతద్దం తీశాడు. చచ్చినవాళ్ళకి కళ్ళు తెరిపించడం ఆయనకి కొత్తా? కడుపు ఉబ్బి, ముఖం చీకిపోయిన ఆ పరాయి బిడ్డలందరికీ వరసపెట్టి ఒకే కళ్ళు తెరిపించి ఇచ్చాడు. సేవాసంఘం వాళ్ళు బాగున్నాయన్నారు. శాలువా కప్పారు కూడా.

ఫోటోలను ఒక బడి వరండాలో తాళ్ళకి వేలాడదీశారు. అంకాలమ్మ మణెమ్మని వెంటబెట్టుకుని వెళ్ళింది. కాన్పు అయిన దగ్గర్నుంచీ కూతుర్ని చూస్తున్న కళ్ళు ఆవిడవి. అయినా ఒక ఫోటో ముందు ఆగిపోయింది. ఈడు సరిపోయింది, జుట్టు సరిపోయింది, కళ్ళయితే అచ్చం. సంతకొచ్చేటప్పుడు కూతురి ఫోటో చెంగున కట్టుకుని రావడం ఆవిడకి అలవాటు, అందుకే అదొక్కటీ మిగిలింది. అది తీసి పక్కన పెట్టి చూసుకుంది. మణెమ్మ సందేహపడింది, "మన కొండలమ్మకి మెల్ల కదే, ఈ పిల్లకి లేదే" అని.

"ఫోటోలో మెల్ల పడదే. మా పిల్ల ఫోటోలో మాత్రం ఉందేంటి?" అంది అంకాలమ్మ.

సేవాసంఘం వాళ్ళని అడిగి ఆ ఫోటో తీసుకుని, రెండూ పట్టుకుని తిన్నగా స్టూడియోకి వచ్చింది. నేను అప్పుడు ఖాళీ సీసాలకోసం స్టూడియో గుమ్మంలోనే ఉన్నాను. "అయ్యా, దీన్ని దగ్గరగా చూసినోళ్ళు మీరొక్కరే. నా పిల్లేనా? ఎడమకన్ను మెల్ల ఉందా? మీరు అవునంటే కర్మ చేసుకుంటాను. కాదంటే ఇంకా ఎతుక్కుంటాను" అంది.

ఆ కళ్ళు నేను గీసినవమ్మా, ముఖం నాకు కనబడనే లేదు. ఆయన ఇంత చెబితే సరిపోయేది. శౌరయ్య ఫోటోవైపు చూడలేదు, ఆవిడవైపూ చూడలేదు. "నీ పిల్లేనమ్మా. చూశాను. మెల్ల ఉంది" అన్నాడు.

అంకాలమ్మ అక్కడే నేలమీద పడి కొట్టుకుంది. చీకటిగది తలుపు సందులోంచి తెరేసమ్మ అంతా చూసింది. ఆవిడ నోరు ఎందుకు తెరవలేదని అడిగేవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరోజు కాపురం చేసి అప్పుడు అడగాలి.

అంకాలమ్మ సాయంగా వచ్చిన నాలుగు గిన్నెల్లో రెండు అమ్మి కూతురికి కర్మ చేసింది. వెతకడం మానేసింది. మణెమ్మ ఇంట్లోనే ఉంటూ, ఎవరో తెచ్చిచ్చిన ఎండుచేపలు మళ్ళీ సంతలో అమ్ముకుంటూ ఉండేది. మా వీధి మాత్రం తొక్కేది కాదు. షోకేసులో కూతురి ఫోటో చూడలేనని చెప్పింది.

ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకి తెరేసమ్మ విజయవాడ వెళ్ళింది. మొగుడి కళ్ళకోసం మొక్కుకుని కొండెక్కడానికి వెళ్ళింది పిచ్చిది. ఆవిడ లేనప్పుడు ఒక పెద్దావిడ ఒక పిల్ల చెయ్యి పట్టుకుని మా బస్టాండులో దిగింది. ఆవిడ పేరు సంపూర్ణమ్మ, విజయవాడలో దిక్కులేని పిల్లల్ని సాకే ఒక హోములో పెద్ద. ఆ పిల్ల ఉప్పెనలో కొట్టుకుపోయి, తుమ్మచెట్టుకి తగులుకుని, ఎవరి చేతుల్లోనో పడి ఆస్పత్రి చేరిందట. చాలారోజులు నోట మాట లేదట. మాట వచ్చాక చెప్పిందొక్కటే, అమ్మ పామర్రు సంతకి వస్తుందనీ, అక్కడ నెమలి తెరముందు తను ఫోటో దిగిందనీ. హోము పేరొక్కటే ఆ రోజు నా దగ్గర సోడా తాగుతూ చెప్పింది, మిగతాదంతా సంపూర్ణమ్మ తర్వాత ఇంకోసారి వచ్చినప్పుడు చెప్పింది.

పిల్ల స్టూడియో గుమ్మంలోనే షోకేసు చూసి అరిచింది. "అదిగో నేనే! ఆ పరికిణీ నాదే!"

సంపూర్ణమ్మ ఆ ఫోటోని షోకేసులోంచి బయటికి తీయించి, పిల్ల ముఖం పక్కన పెట్టి చూసింది. ఫోటోలో కళ్ళు తిన్నగా ఉన్నాయి. పిల్లకి మెల్ల. "మీరేమంటారండీ? ఆ పిల్లేనా?" అని శౌరయ్యని అడిగింది.

ఆయనకి పిల్ల ముఖం తెలియకపోవచ్చు, గొంతు తెలియదా? అవునంటే, ఆ కళ్ళు ఎక్కడివని అడుగుతారు. తర్వాత బడి వరండాలో ఫోటోల సంగతి అడుగుతారు. శాలువా సంగతి అడుగుతారు. "ఈ పిల్ల కాదండీ. ఆ ఫోటోలో పిల్ల ఉప్పెనలో చచ్చిపోయింది. శవాన్ని నేనే ఫోటో తీశాను. తల్లి గుర్తుపట్టి కర్మ కూడా చేసింది" అన్నాడు, ఆ పిల్ల వింటుండగానే.

సంపూర్ణమ్మ పాపం మంచిమనిషి. ఫోటో కంటే పిల్ల మాట నమ్మాలని ఆవిడకి ఎలా తోస్తుంది? సోడా తాగించి, బస్సెక్కించి తీసుకెళ్ళిపోయింది. పిల్ల ఈసారి గోలీ గురించి ఏమీ అడగలేదు. సీసా ఎత్తినప్పుడు నా కళ్ళు ఆ ఎడమకంటి మీద పడ్డాయి. ఎక్కడో చూసినట్టుందే అనుకునేలోపు బస్సు కదిలిపోయింది. శౌరయ్యని అడిగితే, నీ సీసాలు నువ్వు చూసుకో అన్నాడు.

మర్నాడు తెరేసమ్మ గుణదల కొవ్వొత్తులతో, తీర్థంతో బస్సు దిగింది. ఇంట్లోకి అడుగు పెట్టకముందే నేను ఎదురెళ్ళి ఆ మెల్లకంటి పిల్ల సంగతీ, హోము పేరూ చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళింది. మొగుడిమీద ఎప్పుడూ లేవని ఆవిడ గొంతు ఆ రోజు బస్టాండుదాకా వినబడింది. "కళ్ళు పోతే పోయాయయ్యా, మనిషివి కూడా పోయావా?" అంది. అంతకుముందు ఎన్నడూ ఆయన్ని ఏమండీ తప్ప ఇంకో మాట అని ఎరగదు. కొవ్వొత్తులు గుమ్మంలోనే వదిలేసి, వచ్చిన బస్సులోనే మళ్ళీ విజయవాడ వెళ్ళింది.

సంతరోజున కొండలమ్మని తీసుకొచ్చింది. అంకాలమ్మ గంప ముందు కూర్చుని ఉంది. తలెత్తి చూసి, గంపని పక్కకి నెట్టి, అలాగే పాక్కుంటూ వచ్చింది. పిల్ల ఎదురెళ్ళలేదు. తెరేసమ్మ వెనక దాక్కుని ఆవిడ చీర పట్టుకుంది.

"నేను చచ్చిపోయానని కర్మ చేశావంట కదా. ఇంకా ఎతకొచ్చుగా" అంది పిల్ల.

తల్లి పిల్ల పాదాలు పట్టుకుని ఉండిపోయింది. నాకు అప్పుడు శౌరయ్యని చంపెయ్యాలనిపించింది. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

ఆ సాయంత్రమే అంకాలమ్మ స్టూడియోకి వచ్చింది. వెనక సంతలో సగం జనం ఉన్నారు. కొడుతుందనుకున్నారు, నేనూ అదే ఆశపడ్డాను. ఆవిడ చెంగు ముడి విప్పి, ఉప్పెన ఫోటో తీసి బల్లమీద పెట్టింది.

"నా పిల్ల నాకొచ్చింది. మరి ఈ పిల్ల ఎవరి పిల్లండీ?"

శౌరయ్య ఫోటో తీసుకున్నాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. భూతద్దం వెతుక్కున్నాడు.

"ఎవరో తల్లి ఆ బడికి వచ్చే ఉంటది. తన పిల్లకి ఈ కళ్ళు కావని ఈ ఫోటో ముందునుంచే ఎల్లిపోయుంటది. దీనికి కర్మ నేను చేశాను, నా పిల్ల పేరు చెప్పి చేశాను. దీని పేరేంటండీ?"

జనం ఆయన్ని తిట్టను కూడా లేదు. ఒక్కొక్కరే షోకేసులోంచి తమ తమ ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కెమెరా తెరేసమ్మ చేతికి వచ్చింది. శౌరయ్య అరుగుమీద కూర్చునేవాడు. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. ఆవిడ మొదట చేసిన పని, ఆ పేరు తెలియని పిల్ల ఫోటోని ఏ కళ్ళూ గీయకుండా ఫిలింనుంచి మళ్ళీ కాగితంమీద వేసి గోడకి పెట్టడం. ముఖం మసకగా ఉండేది. సముద్రం వైపునుంచి వచ్చిన ప్రతి మనిషికీ చూపించి అడిగేది. అందరూ ఒకటే మాట అనేవారు, ముఖం తెలియడం లేదమ్మా అని. ఆ మాట అరుగుమీద ఆయనకి వినబడేది. వినబడాలనే ఆవిడ అక్కడ నిలబడి అడిగేది.

డెబ్భై తొమ్మిది వేసవిలో శౌరయ్య పోయాడు. పెట్టెలో పడుకోబెట్టి, పూలు చల్లి, చుట్టూ అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు నిలబడ్డారు. తెరేసమ్మ కెమెరా మెడకి తగిలించుకుని ఎదురుగా నిలబడింది. మెడ వంచి, ఆ గరుకు అద్దంలోకి చూస్తూ చాలాసేపు చక్రం తిప్పింది. అంతసేపూ ఒక్కరూ కదల్లేదు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. అద్దంలో శౌరయ్య ముఖం మసకలోంచి మెల్లగా పైకి తేలింది.

ఫోటోలు ఇచ్చేటప్పుడు ఆయన తమ్ముడు ఫోటోలోని శవపెట్టెమీద వేలు పెట్టి, "వదినా, అన్నయ్యకి కళ్ళు తెరిపించు. అందరికీ తెరిపించినోడు కదా" అన్నాడు.

తెరేసమ్మ కుంచె ముట్టుకోలేదు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళింట్లో ఉంది. రెప్పల మీది ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. కళ్ళు మాత్రం మూసే ఉన్నాయి.